హర్రాజు

గడ్డిఅన్నారపు పండ్లబజారునకు తెల్లవారుజామున పోయినవారికి కంటికంటె ముందు చెవి పనిచేసెడిది. నల్లగొండ బత్తాయిరాసులయొద్దను, వేసవియందు మామిడిగుట్టలయొద్దను, ధర పిలుచువాని కేకయు పాట పెంచువారి కేకలును ఒకదానిపై నొకటి పడుచుండెడివి. అచటి ముదుసలి రైతు నడిగిన ‘హర్రాజు జరుగుచున్న’దనును, కచ్చేరీ కాగితములలో నదియే ‘వేలము’. ఇందు మొదటిది మోటమాట యనియు, రెండవది నాగరిక మనియు మనలో ననేకుల తలంపు.

మా బాల్యమున మేము ‘ఎడ్లను హర్రాజు వేసిరి’ అని వ్రాయగా, ఉపాధ్యాయులొకరు ఆ మాటను ఎఱ్ఱసిరాతో కొట్టి, ‘పరభాషాపదము లేల? తెలుగు వ్రాయుము’ అని, పైన ‘వేలము’ వ్రాసిరి. తరగతి యంతయు నవ్వినది. మా యింట నందఱు నాడెడి మాట తప్పని మాకు తెలిసినది ఆనాడే.

హర్రాజు పరభాషాపదమే, కాదనువా రెవ్వరు? అరబ్బీ ‘హరాజ్’ ఉర్దూ మూలమున మనకు వచ్చినది. కన్నడమునను ‘హరాజు’ కలదు. నేటికిని సౌదీ బజారులలో నీ మాట వినబడును. అచటికి పనికై పోయిన మన కరీంనగరపు పిల్లలకు అది క్రొత్తమాట కాదు. నిజాము రాజ్యమున ఆబ్కారీ గుత్తలును, శిస్తు బకాయిక్రింద జప్తయిన భూములును ఈ పేరుతోనే చేతులు మారినవి.

మఱి వేలము సంగతి యేమి? అది పోర్చుగీసువారి ‘లెయిలావ్’. తమిళమున ఏలము, మలయాళమున లేలము, హిందీలో నీలామ్ అయి, మనయొద్ద వేలమైనది. ఆ పోర్చుగీసు మాటయు, చాటింపు అను నర్థముగల అరబ్బీ పదమునుండియే పుట్టినదని నిఘంటుకారులు చెప్పుదురు. ఓడ నెక్కివచ్చిన అరబ్బు నాగరికుడు, గుఱ్ఱమెక్కివచ్చిన అరబ్బు మోటవాడు! ఈ తీర్పు ఏ వ్యాకరణమునందును లేదు.

స్కాట్లండువారికిని ఇట్టి పాతమాట యొకటి గలదు: ‘రౌప్’. అఱచుట యని దాని మొదటి యర్థము. కేకవేసి యమ్ముట పిమ్మట వచ్చినది. ఇంగ్లీషువారి ‘ఆక్షన్’ వచ్చినను అచటి న్యాయవాదులు దానిని కొట్టివేయలేదు. విక్రయపు షరతుల పత్రములలో నేటికిని ‘రౌప్’ అనియే వ్రాయుదురు. మనకు కొనువాని కేక ‘పాట’ యైనది. ‘సర్కారువారి పాట’ యను పలుకుబడిలోని హాస్యము ఎవ్వరికిని తోచకపోవుట వింతయే.

అప్పులవాని యిల్లు ‘హర్రాజాయె’ ననినప్పుడు, ఆ మాటలో ధరకంటె నెక్కువ గలదు. నలుగురి యెదుట చెంబులు, గంగాళములు పేరుపేరున పిలువబడిన సిగ్గు గలదు. వేలమునం దది మా చెవికి వినబడదు. బజారున మాత్రము ఆ మాటకే మఱియొక ముఖము: రుమాలుచాటున వ్రేళ్లు పట్టుకొని ధర కుదుర్చుకొను దళారులనుండి రైతును కొంతయైన కాచినది ఈ బాహాటపు కేకయే. సిగ్గును, రక్షణయు నొక్కమాటలో నుండుట ఆ మాట తప్పు కాదు. మన రైతు బ్రదుకే అట్టిది.

1986లో గడ్డిఅన్నారమునకు వచ్చిన ఆ బజారును 2021లో బాటసింగారమునకు తరలించిరి. పాత స్థలమున ఆసుపత్రికి 2022లో శంకుస్థాపన జరిగినది. కమిటీ పేరు మాత్రము గడ్డిఅన్నారమే. ఊరు మారినను పేరును వెంటగొనిపోయినవారు, ప్రకటనలయందు ‘వేలము’ ప్రక్కన ‘హర్రాజు’ అనియు నొకమాట చేర్చిన బాగుండును. సిరాఖర్చు స్వల్పము.