హామ్ రేడియోలో ఇంటికి కబురు: ఎప్పుడు పంపొచ్చు, ఎప్పుడు కుదరదు

హామ్ రేడియో లైసెన్సు ఉన్నవాళ్లు ఫోను, ఇంటర్నెట్ లేకుండానే వేరే దేశాలతో మాట్లాడతారు. అలాగని తెలిసిన ఆపరేటరు ఉన్నాడు కదా, రోజూ ఇంటికి ఫ్రీగా కబురు పంపొచ్చు అనుకోకండి.

ఇద్దరు ఆపరేటర్ల మధ్య: రెండు దేశాల్లో ఏదీ అభ్యంతరం చెప్పకపోతే మాట్లాడుకోవచ్చు. రేడియో ప్రయోగాలు, సొంత ముచ్చట్లు వరకే. వ్యాపారం మాటలు వద్దు. రహస్య కోడ్ వాడకూడదు.

మూడో మనిషి కబురు: లైసెన్సు లేని మీ తరఫున ఆపరేటరు పంపే సందేశం ఇది. అంతర్జాతీయ రేడియో నిబంధనల 25వ ఆర్టికల్ ప్రకారం, వేరే దేశానికి దీన్ని అత్యవసరంలో, విపత్తు సహాయానికే పంపాలి. అమలు ఎలాగో ఆయా ప్రభుత్వాలు చెబుతాయి.

దీని విలువ 2004 డిసెంబరు సునామీలో తెలిసింది. అండమాన్‌లో ఫోన్లు పడిపోతే, హైదరాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున అక్కడికి వెళ్లిన భారతి ప్రసాద్ బృందం బాధితుల క్షేమ సమాచారం బయటికి చేరవేసింది.

లైసెన్సు: ఇండియా లైసెన్సు గల్ఫ్‌లో దానంతట అది చెల్లదు. అక్కడి టెలికాం శాఖ అనుమతి లేకుండా సెట్టు లగేజీలో పెట్టుకోవద్దు, ఎవరిదైనా తీసుకెళ్లొద్దు. పట్టుబడితే సెట్టు పోతుంది, కేసూ కావచ్చు.

విపత్తు వస్తే ఆపరేటరుకు నాలుగు ముక్కలే రాసివ్వండి: మీ పేరు, ఎక్కడున్నారు, ఎలా ఉన్నారు, ఇంటి ఫోను నంబరు. పాస్‌పోర్టు, బ్యాంకు వివరాలు ఇవ్వకండి. ఆ మాటలు ఎవరైనా వినొచ్చు.