వాయిదా పడ్డ పైవంద్

మా అబ్బా దర్జీ. కొత్త బట్టలు కుట్టే పనికన్నా పాతవి బాగుచేసే పనే ఆయన దుకాణానికి ఎక్కువ వచ్చేది. చిరుగు కనపడకుండా పోగుకు పోగు కలిపితే రఫూ. పైన గుడ్డముక్క పెట్టి కుడితే పైవంద్, తెలుగులో మాసిక. కంప్యూటర్ నౌకరీలో చేరాక అక్కడ రోజూ వినపడే 'ప్యాచ్' అంటే మా పైవందే అని తెలిసి నవ్వొచ్చింది. ఆ పేరు ఉత్తగా రాలేదు. 1944 నాటి హార్వర్డ్ మార్క్ వన్ యంత్రానికి హుకుంలన్నీ చిల్లులు పొడిచిన కాగితపు పట్టీ మీద ఇచ్చేవాళ్ళు. చిల్లు తప్పుగా పడితే దాని మీద కాగితం ముక్క అతికించేవాళ్ళు. అక్షరాలా పైవందే.

ఇవాళ అలాంటి ఒక పైవంద్ చరిత్ర చెప్తాను. చిరుగు ఎక్కడుందో తెలిశాక కూడా దాన్ని సరిగ్గా కుట్టడానికి పదకొండేళ్ళు పట్టింది.

కంప్యూటర్‌కైనా ఫోన్‌కైనా లోపల కెర్నల్ అని ఒకటుంటుంది. ఏ ప్రోగ్రాముకు ఎంత మెమరీ ఇవ్వాలి, ఏ ఫైలు ఎవరు చదవొచ్చు, ఎవరు రాయొచ్చు అన్న ఫైసలాలన్నీ దానివే. బయట ఎన్ని తాళాలు వేసుకున్నా కెర్నల్ పొరబడితే అన్నీ బేకార్. 1991లో హెల్సింకీలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ షురూ చేసిన లినక్స్ కూడా కెర్నలే. ఇవాళ దునియాలోని సర్వర్లలో చాలా భాగం, ఆండ్రాయిడ్ ఫోన్లన్నీ దాని మీదే నడుస్తున్నాయి.

చిరుగు ఎక్కడో అర్థం కావాలంటే ఒకసారి తహసీల్ ఆఫీసు రికార్డు గదికి వెళ్దాం. భూమి రిజిస్టరు ఒకటే ఉంటుంది. చూసుకోవడానికి పది మందొస్తే అదే చూపిస్తారు. ఎవరైనా దాని మీద రాసుకుంటానంటే మాత్రం నకలు తీసి ఇస్తారు. నీ నకలు మీద నీ మర్జీ, అసల్ మీద మరక పడొద్దు. మెమరీ ఆదా చేయడానికి కెర్నల్ కూడా ఇదే చేస్తుంది. దీన్ని కాపీ ఆన్ రైట్ అంటారు, పొట్టిగా కౌ. పేరులో తప్ప ఈ కథలో ఆవు ఎక్కడా లేదు.

ఇక గుమాస్తా చేసే గల్తీ చూడండి. రాతకు అర్జీ వచ్చింది. ముందు నకలు తీశాడు. నకలు తయారైంది కదా, ఇక భయమేముందని అర్జీ మీదున్న 'రాత కోసం' అన్న గుర్తు కొట్టేశాడు. ఆ నకలు తేవడానికి మళ్ళీ లోపలికి పోయాడు. సరిగ్గా ఆ మధ్యలో అర్జీదారుడి దోస్తు ఒకడు నకలును చింపి పారేశాడు. గుమాస్తాకు నకలు కనపడలేదు. అర్జీ మీద రాత గుర్తూ లేదు. చదవడానికేమో అనుకుని అసల్ రిజిస్టరే తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఇవతల కలం తయారుగా ఉంది. ఖేల్ ఖతం! మామూలు ఖాతా ఉన్నవాడు సిస్టమ్ మొత్తానికి మాలిక్ అయిపోతాడు. ఒక్కసారికి కుదరకపోవచ్చు. కానీ కంప్యూటర్‌కు అలుపేముంది, కుదిరేదాకా మళ్ళీ మళ్ళీ చేస్తుంది.

ఈ సందు టోర్వాల్డ్స్ కంట్లో 2005 ఆగస్టులోనే పడింది. ఆయనే ఒక పైవంద్ వేశాడు. రెండు రోజులకే దాన్ని విప్పేయాల్సొచ్చింది. ఎస్390 అని ఐబీఎం వాళ్ళ పెద్ద యంత్రాలున్నాయి. మెమరీలో ఒక పేజీ మీద రాత పడిందా లేదా అనే గుర్తును, అంటే 'డర్టీ' గుర్తును, మామూలు ప్రాసెసర్లు ఒకచోట పెడితే ఆ యంత్రాలు ఇంకోచోట పెట్టేవి. ఆ గుర్తును నమ్ముకున్న పైవంద్ అక్కడ నడవలేదు. దాని బదులు వేరే ఏర్పాటు చేసి ముందుకు పోయారు. ఆ జమానాలో ఆ సందులో ఎవరైనా దూరగలరంటే కాగితం మీది లెక్కే తప్ప జరిగే పని కాదనిపించింది. 2007లో వచ్చిన 2.6.22 నుంచి ఆ సందు దర్వాజాగా మారింది.

తర్వాత రెండు సంగతులు జరిగాయి. ఎస్390లో ఆ డర్టీ గుర్తు ఇబ్బంది తీరిపోయింది. మెమరీ చూసుకునే కోడ్ ఒకేసారి ఎన్నో పనులు చక్కబెట్టేలా పెరిగి, కాగితం మీది లెక్క నిజంగా చేయగలిగే పని అయ్యింది. పైవంద్ ఆపిన కారణం పోయింది, పైవంద్ అవసరం పెరిగింది. ఆపిన పనిని మాత్రం ఎవరూ యాద్ చేయలేదు.

యాద్ చేసింది దొంగలు. 2016లో ఫిల్ ఓస్టర్ అనే ఆయన తన సర్వర్‌కు వచ్చే వెబ్ రాకపోకలన్నీ దాచి ఉంచే అలవాటున్న మనిషి. ఆయన సర్వర్‌లో ఎవరో జొరబడితే ఆ దాచిన దాంట్లోంచే వాళ్ళు వాడిన హథియార్‌ను బయటికి తీశాడు. అంటే ఖబర్ మనదాకా రాకముందే దాడులు నడుస్తున్నాయి. అక్టోబరులో టోర్వాల్డ్స్ మళ్ళీ సూది పట్టాడు. గుర్తు కొట్టేయడం మానిపించి, నకలు నిజంగా తయారైందో లేదో డర్టీ గుర్తు చూసి తేల్చుకునేలా చేశాడు. 4.8.3తో అది బయటికొచ్చింది. లోకం ఈ చిరుగుకు పెట్టిన పేరు డర్టీ కౌ. ఆ పైవంద్‌తో పాటు రాసిన మాటల్లో ఆయన సాకులు వెతకలేదు. ఇది పాత తప్పు, పదకొండేళ్ళ కింద నేనే సరిచేయబోయి సరిగ్గా చేయలేకపోయాను అని ఇఖ్రార్ చేశాడు.

నేనూ ఒక ఇఖ్రార్ చేయాలి. అప్పుడు హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో సర్వర్లు నా జిమ్మేదారీ. ఒక సర్వర్ ఆగకుండా నాలుగు వందల రోజులు దాటి నడుస్తోందని ఫోటో తీసి దోస్తులకు చూపించుకున్నవాణ్ణి. అదో ఫఖర్ నాకు. డర్టీ కౌ పైవంద్ రాగానే ఎక్కించాను, పని పూర్తయిందని రాసేశాను. కానీ కొత్త కెర్నల్ డిస్కు మీదికి వస్తే సరిపోదు. సర్వర్‌ను ఆపి మళ్ళీ లేపేదాకా పాతదే నడుస్తుంది. దీపావళి అమ్మకాలు నడుస్తున్నాయి, ఇప్పుడు ఆపొద్దన్నారు. నాక్కూడా ఆ నాలుగు వందల అంకె పోగొట్టుకోవడం ఇష్టం లేదు. పండగ అయ్యాకే ఆపాను. ఆ మధ్య రోజుల్లో ఎవరైనా వచ్చి పోయారా? ఈ దారిన వచ్చినవాడి జాడ లాగుల్లో పడదు. ఏమీ కాలేదని ఈ రోజుకీ కసమ్ తిని చెప్పలేను. నాలుగు వందల రోజులు ఆగని సర్వర్ అంటే నాలుగు వందల రోజులు మరమ్మత్తు చూడని కెర్నల్ అని నాకు అప్పుడు తెలిసొచ్చింది.

అబ్బా ఏ బట్టనైనా కుట్టాక తిరగేసి, రెండు చేతులతో లాగి చూసేవాడు. "కుట్టు పడింది బేటా, నిలుస్తుందా చూడు" అనేవాడు. 2017 నవంబరులో బిండెసీ అనే సంస్థ పరిశోధకులు టోర్వాల్డ్స్ పైవంద్‌ను అట్లాగే లాగి చూశారు. పెద్ద పేజీల దగ్గర కెర్నల్ నకలు తీయకుండానే డర్టీ గుర్తు వేసే వీలుందని తేలింది. ఏ గుర్తును నమ్మి కుట్టారో ఆ గుర్తే అక్కడ అబద్ధం. మొదటిదంత ఖతర్నాక్ కాదు గానీ అది చిరుగే. దానికి మళ్ళీ పైవంద్.

కుట్టడం ఒకటైతే చేరడం ఇంకోటి. ఆ ఏడు సెప్టెంబరులో డర్టీ కౌ దారినే ఆండ్రాయిడ్ ఫోన్లలో దూరే జెడ్‌నియూ అనే మాల్వేర్ బయటపడింది. నలభైకి పైగా దేశాల్లో కనపడింది, బాధితుల్లో ఎక్కువమంది చైనాలో, మన దేశంలో. పైవంద్ తయారై అప్పటికి పదకొండు నెలలు. కానీ లినక్స్‌లో కుట్టింది గూగుల్‌కు, అక్కడి నుంచి చిప్పు తయారుచేసేవాళ్ళకు, ఫోను కంపెనీకి చేరి, వాళ్ళు పంపితేనే మన చేతికి. పాత ఫోన్లకు పంపితే కంపెనీకి లాభమేంటి?

మా ఖాలా కొడుకు ఆటో నడుపుతాడు. సెకండ్ హ్యాండ్ ఫోన్. కిరాయి డబ్బులు, బ్యాంకు ఖాతా, పిల్లల ఫోటోలు అన్నీ అందులోనే. మొన్న పండక్కి వచ్చినప్పుడు తీసుకుని చూశాను. చివరి పైవంద్ ఎన్నో ఏళ్ళ కిందటిది. అప్‌డేట్ ఉందేమో వెతకమని నొక్కితే, మీ ఫోన్ తాజాగానే ఉందని జవాబిచ్చింది.

"అంతా బరాబరే కదా భాయ్?" అన్నాడు వాడు.

ఏం చెప్పాలో తోచక ఫోన్ వాడి చేతిలో పెట్టాను. తర్వాత కూర్చోబెట్టి, బయటి నుంచి ఎక్కించుకున్న యాప్‌లు ఒక్కొక్కటీ తీసేయించాను. అది రఫూ కాదు, పైవంద్ కూడా కాదు. చిరుగు మీద చెయ్యి అడ్డం పెట్టుకోవడం, అంతే.