బల్ల అంచు ఎందుకు కలవలేదు?

పాల్ సెజాన్ 1893 ప్రాంతంలో చిత్రించిన ‘ఆపిల్ పండ్ల బుట్ట’ షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. ఆ చిత్రంలో నా చూపు ముందుగా ఆగేది పండ్ల మీద కాదు, బల్ల మీద. బల్లపై పరచిన తెల్లగుడ్డకు ఎడమపక్క కనబడే అంచును మనసులోనే కుడివైపుకు పొడిగించి చూడండి. అవతలి అంచుతో కలవదు. సీసా ఒక పక్కకు ఒరిగింది. పళ్ళెంలోని బిస్కట్లలో కిందివరుస పక్కనుంచి, పైవరుస కాస్త పైనుంచి చూసినట్టున్నాయి.

ఇది చేతకానితనమా? సెజాన్ బతికుండగా అలా అన్నవారు లేకపోలేదు. ఆ మాట వెనుక నాలుగున్నర శతాబ్దాల అలవాటు ఉంది. ఇటలీలో అల్బెర్తి 1435లో చిత్రాన్ని కిటికీతో పోల్చి, దూరమయ్యే రేఖలన్నీ ఒకే బిందువులో కలిసే పర్‌స్పెక్టివ్ పద్ధతిని గ్రంథస్థం చేశాడు. చూసేవాడికి ఉన్నది ఒకే కన్ననీ, అది కదలదనీ ఆ పద్ధతి భావిస్తుంది. లెక్క నిర్దుష్టమే. కాని మనం తల తిప్పుతాం, ముందుకు వంగుతాం, చూసినదాన్నే మళ్ళీ చూస్తాం.

ఈ పట్టు సడలింది స్టిల్ లైఫ్‌లో కావడం యాదృచ్ఛికం కాదని నా నమ్మకం. 1667లో ఫెలిబియన్ ఫ్రెంచి అకాడమీ పక్షాన చిత్రాలకు అంతస్తులు నిర్ణయించినప్పుడు చరిత్ర, పురాణ ఘట్టాలకు ఉన్నతస్థానం దక్కింది. పండ్లకు, పూలకు అట్టడుగు మెట్టు. కథ చెప్పే బాధ్యత లేని ఆ మెట్టు మీదే చిత్రకారుడికి కేవలం చూసే స్వేచ్ఛ చిక్కింది. పైగా సెజాన్ పని మహా నెమ్మది. పూలు వాడిపోతాయని కాగితపు పూలు పెట్టుకునేవాడట. అంతకాలం చూసేవాడికి వస్తువు ఒక్క క్షణపు దృశ్యంగా మిగలదు, అనేక చూపుల మొత్తమవుతుంది. అతని ఆపిల్‌కు గుండ్రదనాన్ని ఇచ్చేది కూడా నల్లని నీడకంటే ఎక్కువగా పక్కపక్కన చేరిన ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ పొరలే.

1904లో ఎమిల్ బెర్నార్‌కు రాసిన ఉత్తరంలో ప్రకృతిని స్తూపం, గోళం, శంకువుల ద్వారా గ్రహించమన్నాడు సెజాన్. ఈ మాట అందరూ ఉదహరిస్తారు. అదే వాక్యంలో వాటన్నిటినీ పర్‌స్పెక్టివ్‌లో నిలపమని కూడా అన్నాడు. అంటే అతనికి నియమం తెలుసు, దానిపై గౌరవమూ ఉంది. నియమం ఒకటి చెప్పి, కన్ను మరొకటి చెప్పినప్పుడు కన్ను మాట విన్నాడు, అంతే.

1906లో సెజాన్ మరణించాడు. మరుసటి ఏడు పారిస్‌లో జరిగిన స్మారక ప్రదర్శన బ్రాక్, పికాసోల మీద బలమైన ముద్ర వేసింది. వారి క్యూబిజంలో ఒకే వస్తువు అనేక దిక్కులనుంచి ఒకేసారి కనబడుతుంది. ఆ దారికి తొలి బీటను నేను ఈ బల్ల అంచులోనే చూస్తాను.