పాలు విరిచిన తీపి

మన భాషలో పాలు పొంగితే శుభం, విరిగితే అశుభం. కొత్త ఇంట అడుగుపెట్టిన నాడు పొయ్యిమీద పాలు పొంగించి, ఆ పొంగు ఏ దిక్కుకు ఒలికినదో చూచి సంతోషించే జాతి మనది. అవే పాలు మరొకనాడు గిన్నెలో విరిగితే ఇల్లాలి ముఖం చిన్నబోతుంది. మనసు విరిగినది అన్నా, పాలు విరిగినవి అన్నా క్రియ ఒక్కటే. ఇంతగా వెరచిన ఆ మాటనే మరొకవైపు తిప్పి, విషానికి విరుగుడు అని మందుకు పేరుగా కూడ పెట్టుకొన్నాము. భాష చేసే చమత్కారాలు ఇటువంటివి.

పాలను కోరి విరిచి, ఆ విరుగుడుతో తీపివంటలు చేసుకొనే జనం మనకు ఎంతో దూరాన లేరు. ఇచ్ఛాపురం దాటి ఉత్తరంగా పోతే బరంపురం. పాతపట్నం దాటి మహేంద్రతనయ ఆవలి ఒడ్డున పర్లాకిమిడి. అక్కడి మిఠాయి దుకాణాలలో, పళ్లెంలో బోర్లించిన రొట్టెవలె, పైన ముదురు గోధుమరంగుతో, అంచుల వద్ద మాడినదా అనిపించే ఒక దిమ్మ కనిపిస్తుంది. కోస్తే లోపల తెల్లగా, మెత్తగా, చెమ్మగా ఉంటుంది. దాని పేరు ఛెనాపోడ. ఛెనా అంటే విరిచి వడగట్టిన పాలగట్టి. పోడ అంటే కాల్చినది. పాశ్చాత్యులు చీజ్‌కేక్ అని పిలుచుకొనే వంటకానికి మన దేశంలో అతి దగ్గరి చుట్టం ఇదే. ఇంత చేరువలో ఉండి కూడ ఈ వంట శ్రీకాకుళం, విజయనగరం సీమల తెలుగు ఇళ్లలో ఎందుకు పుట్టలేదన్నది ఈ ప్రసంగంలో పరిశీలించదలచిన విషయం.

పాలు మనకు కొరత కాదు. పాలను గట్టిపరచే విద్యా మనకు తెలియనిది కాదు. ఆవుగాని గేదెగాని ఈనిన తొలి మూడు నాలుగు రోజుల ముర్రుపాలు, దూడ తాగగా మిగిలినవి, మన ఇళ్లలో జున్ను అవుతాయి. మొదటి పూట పాలు మిక్కిలి చిక్కన. వాటికి మామూలు పాలు ధారాళంగా కలుపుతారు. రోజు గడిచేకొద్దీ కలిపే పాలు తగ్గిస్తారు. బెల్లం, మిరియాల పొడి, ఏలకుల పొడి వేసి, గిన్నెను నీళ్లున్న మరొక పెద్ద గిన్నెలో ఉంచి, మూత పెట్టి ఆవిరిమీద ఉడికిస్తారు. అరగంటకో ముప్పావుగంటకో పాలు తమంతట తామే గడ్డకట్టి, కత్తితో కోస్తే ముక్కలుగా వస్తాయి. నిమ్మరసం వేయనక్కరలేదు, చల్ల కలపనక్కరలేదు. మామూలు పాలలో వేడికి లొంగని మాంసకృత్తులే ఎక్కువ పాలు. పులుపు తగిలితేనే అవి ముద్దకడతాయి. ముర్రుపాలలో వేడికి గడ్డకట్టే మాంసకృత్తులు ఎన్నోరెట్లు అధికం. గుడ్డు తెల్లసొన ఉడికి గట్టిపడినట్లే ఇవీ గట్టిపడతాయి. అందుచేత జున్నులో పాలు విరగవు, పేరుకొంటాయి. మన పెద్దలు ఈ భేదాన్ని పాటించినారు. అమరకోశంలో కొత్తగా ఈనిన పశువు పాలకు పీయూషం అని పేరున్నది. అమృతానికీ అదే పేరు. విరిగిన పాలకు అంత గౌరవం ఏ నిఘంటువూ ఇచ్చినట్లు తోచదు.

అయితే జున్నుకు ఒక చిక్కున్నది. అది మనం కోరిన నాడు రాదు. ఇంట పశువు ఈనవలె. లేదా ఈనిన ఇంటివారు తలచుకొని ఒక చెంబెడు పంపవలె. ముర్రుపాలు అమ్మరాదని పట్టుదల కల ఇళ్లు పల్లెలలో చాలా ఉండేవి. కనుక జున్ను ఇరుగుపొరుగుల తీపి అయినదే గాని అంగడి తీపి కాలేదు. పండుగకో, అల్లుడు వచ్చిన నాటికో చేసి పెట్టుదామంటే పశువు మన పంచాంగం చూడదు కదా!

ఇక నిప్పు సంగతి. చీజ్‌కేక్ అనగానే దొరలు వాడే పొయ్యి, అంటే నలువైపులా వేడి కొట్టే ఓవెను, అది లేక మనం చేయలేదని కొందరనవచ్చును. ఆ మాట నిలువదు. మన దిబ్బరొట్టె ఏమిటి? మినపపిండిలో బియ్యపు రవ్వ కలిపి, మందపాటి మూకుడులో నూనె వేసి, పిండి దళసరిగా పోసి, సన్నని సెగమీద ఉంచి, మూతమీద కూడ నిప్పులు పోసి కాల్చే రొట్టె అది. కింద నిప్పు, పైన నిప్పు, నడుమ మూసిన పాత్ర. ఓవెను చేసే పని సరిగా ఇదే. పిడకల దాలిలో తెల్లవారినది మొదలు సాయంకాలం దాకా ఎర్రగా పాలు కాచిన వారికి సన్నసెగ ఓర్పు నేర్పవలసిన పని లేదు.

చీజ్‌కేక్ పుట్టిన పాశ్చాత్య సీమలో కూడ మొదట ఉన్న సాధనం ఈ మూకుడే. రోమను రాజనీతిజ్ఞుడు కేటో క్రీస్తుకు పూర్వం 2వ శతాబ్దంలో వ్యవసాయంపై వ్రాసిన గ్రంథంలో లీబం అనే నైవేద్యపు రొట్టెకు పాళ్లు చెప్పినాడు. రెండు పౌనుల జున్నుగడ్డను రోటిలో మెత్తగా నూరి, ఒక పౌను గోధుమపిండి, ఒక గుడ్డు చేర్చి, ముద్దచేసి, అడుగున ఆకులు పరచి, వేడిగా ఉన్న పొయ్యిగద్దెమీద మట్టిమూకుడు బోర్లించి మెల్లగా కాల్చవలెనట. రోమను పౌను మన లెక్కలో సుమారు 330 గ్రాములు. ఆకులమీద కాల్చడం గమనింపదగినది. ఒడిశాలో ఛెనాపోడను కాల్చేది సాల ఆకుల పొత్తిలో. రెండువేల యేండ్ల ఎడం, సముద్రాల ఎడం ఉన్న రెండు వంటిళ్లకు ఒకే ఉపాయం తట్టినది. ఒకరినుండి ఒకరు నేర్చిరని నేననను. అంటుకోకుండ, మాడకుండ, కాస్త పరిమళం కూడ రావాలంటే పల్లెలో ఆకుకంటె సులభమైనది మరేమున్నది?

నిప్పూ ఉన్నది, పాలూ ఉన్నవి. లేనిదల్లా పాలు విరిచే మనసు. ఈ విషయమై ఆహారచరిత్రకారుడు కె.టి. అచ్చయ్య ప్రభృతులు ఒక సిద్ధాంతం చెప్పినారు. పాలను కోరి విరవడం ప్రాచీన హిందువులకు నిషిద్ధమనీ, హుగ్లీ తీరాన స్థిరపడిన పోర్చుగీసువారివల్ల అది వంగదేశానికి అలవాటయినదనీ ఆ వాదం. 17వ శతాబ్దంలో దేశం తిరిగిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియే, వంగదేశపు మిఠాయిలను, ముఖ్యంగా పోర్చుగీసువారున్న చోట్ల వాటిని, మెచ్చుకొన్న మాట నిజమే. ఒడిశా పండితులు ఈ వాదాన్ని ఒప్పుకోరు. రసగుల్ల ఎవరిదన్న తగవు తెలిసినదే; 2017లో బెంగాలు రసగుల్లకు, 2019లో ఒడిశా రసగుల్లకు వేరువేరుగా భౌగోళిక గుర్తింపు ఇచ్చి, ప్రభుత్వం ఇద్దరినీ సమాధానపరచినది.

నా మట్టుకు ఆ సిద్ధాంతం పూర్తిగా నిలువదని తోస్తుంది. పశ్చిమ చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రచించిన మానసోల్లాసంలో, కాగే పాలలో పుల్లనిది వేసి విరిచి, గుడ్డలో వడగట్టి, ఆ ముద్దతో తీపి చేసే విధానం ఉన్నది. పోర్చుగీసు ఓడ మన తీరం తాకడానికి మూడున్నర శతాబ్దాల ముందటి మాట ఇది. పైగా దక్కను రాజు వంటశాల మాట. ఇంకొక సంగతి. విజయనగరానికి చేరువనే ఉన్న భీమునిపట్నంలో డచ్చివారు 17వ శతాబ్దంలో దిగి, నడుమ యుద్ధాలవల్ల వచ్చిన విరామాలు పోను, 1825లో ఇంగ్లీషువారికి అప్పగించి పోయేవరకు వర్తకం చేసినారు. చీజు తినడంలో ఐరోపాలో వారికి సాటి కొద్దిమంది. వారి సమాధులు ఆ సముద్రతీరాన నేటికీ ఉన్నవి. వారి చీజు మాత్రం మన వంటింటి గడప దాటి లోనికి రాలేదు. దొరలు వచ్చినంత మాత్రాన వంట మారదు. ఇంటివారు ఒప్పుకొంటేనే మారుతుంది.

ఒడిశావారు ఒప్పుకొన్నారు. ఛెనాపోడ పుట్టుకను గూర్చి వారు చెప్పుకొనే కథ నయాగఢ్ ప్రాంతపు దసపల్లాకు చెందినది. గత శతాబ్ది నడిమిభాగాన సుదర్శన్ సాహూ అనే హోటలు యజమాని, ఒకరాత్రి మిగిలిన ఛెనాలో పంచదార, సుగంధద్రవ్యాలు కలిపి ఇంకా వేడి ఆరని పొయ్యిలో ఉంచి వెళ్లి, తెల్లవారి చూస్తే పైన ఎర్రగా కాలి, లోపల మెత్తగా ఉన్న తీపి తయారై ఉన్నదట. చాలా వంటల పుట్టుకకు ఇటువంటి కథలే ఉంటాయి. కాని ఆరిన పొయ్యి మిగులువేడిలో రాత్రంతా మగ్గడమన్న మాట వంటకు సరిపోతున్నది. పంచదార, పాలలోని మాంసకృత్తులు కలిసి ఆ ముదురు రంగు, ఆ మాడువాసన పుట్టడానికి కావలసినది నిదానమే.

ఇంతకూ ఆ ఒడిశా మనకు ఎప్పటినుండి పరాయిది? 1936 ఏప్రిల్ 1వ తేదీదాకా ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి, బరంపురం అన్నీ మద్రాసు రాష్ట్రపు గంజాం జిల్లాలోనివే. ఆనాడు ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం అటు పోయినది. తెలుగు తాలూకాలు విశాఖపట్నం జిల్లాలో చేరినవి. 1950లో వాటితో శ్రీకాకుళం జిల్లా, 1979లో విజయనగరం జిల్లా ఏర్పడినవి. పర్లాకిమిడి జమీందారీ అయితే రెండు ముక్కలైనది. పట్టణం అటు, చాలా గ్రామాలు ఇటు. సరిహద్దు గీసిన వారు భాషను చూచినారు, కొంతవరకు. కాని 1900లో నౌపడానుండి పర్లాకిమిడికి వేసిన చిన్నరైలు ఆ గీతను లెక్కచేయక, 21వ శతాబ్ది మొదటి దశకంలో పట్టాలు వెడల్పు చేయడానికి ఆపేవరకు, రెండువైపులవారినీ మోస్తూనే ఉన్నది. ఆ బండిలో పెండ్లివారు వచ్చినారు. పెండ్లివారితో వంటలూ వచ్చినవి.

మా ఇంటికి అది వచ్చినది మా వదినతో. ఆమె పుట్టిల్లు పర్లాకిమిడి. కాపురానికి వచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం రెండు లీటర్ల ఆవుపాలు పొయ్యిమీద కాగుతుండగా అందులో నిమ్మకాయ పిండబోయినది. మా అమ్మ వెనుకనుండి చూచి, “అయ్యయ్యో, అదేటమ్మా! బంగారంలాటి పాలు విరిచేస్తున్నావేటి?” అని చేయి పట్టుకొన్నది. “ఒక్క గంట ఓపిక పట్టండత్తయ్యా, మీరే చూద్దురు గాని” అన్నది వదిన. అమ్మ దేవుడి గదిలోకి పోయి కూర్చున్నది. కోపమో, ప్రాయశ్చిత్తమో నేటికీ నాకు తెలియదు.

విరిగిన పాలను వదిన గుడ్డలో పోసి నీరు కారనిచ్చినది. పూర్తిగా పిండలేదు, చెమ్మ కొంత ఉండవలెనట. సుమారు మూడువందల యేబది గ్రాముల గట్టి దిగినది. దానిని అరచేతితో నునుపయ్యేవరకు నలిపి, అందులో సగం తూకం పంచదార, రెండు చెంచాల బొంబాయిరవ్వ, ఏలకులు, నేతిలో వేయించిన పలాస జీడిపప్పు కలిపినది. సాల ఆకు మా ఊళ్లో దొరకదు; అరటియాకును సెగకు వాడ్చి, నేయి రాచి, దిబ్బరొట్టె మూకుడులో పరచినది. పిండి పోసి, పైన మరొక ఆకు కప్పి, మూత పెట్టి, మూతమీద బొగ్గులు. గంటన్నర పట్టినది. ఓవెను ఉన్న ఇంట 180 డిగ్రీల వేడిలో ఇంచుమించు గంటకు అవుతుంది. మధ్యలో పుల్ల గుచ్చితే తడిపిండి అంటరాదు, పైభాగం ముదురు రంగు తేలవలె. రంగుకు భయపడి ముందే దించేవారికి ఆ రుచి దక్కదు.

ఈనాడు విదేశాలనుండి సెలవులకు వచ్చే మన పిల్లలు చేసే చీజ్‌కేక్ వేరు. దాని మెత్తని క్రీముచీజు 1872లో న్యూయార్కు రాష్ట్రంలో విలియం లారెన్స్ అనే పాలవర్తకుడు తయారుచేసినది. అడుగున బిస్కట్ల పొడి, వెన్న కలిపిన పొర. 1930వ దశకంలో మసాచుసెట్స్‌లో రూత్ వేక్‌ఫీల్డ్ అనే పూటకూటింటి యజమానురాలు చాక్లెట్ తునకలు వేసి బిస్కట్లు చేసినది మొదలు, ఆ పిండిని కాల్చకుండనే తినే వేడుక పెరిగి, ఇప్పుడు ఆ పచ్చిపిండి ఉండలను చీజ్‌కేక్‌లో కలుపుతున్నారు. పచ్చి పిండిలోను, పచ్చి గుడ్డులోను రోగక్రిములుండవచ్చునని గుడ్డు మాని, పిండిని ముందుగా వేడిచేసి వాడమంటారు. సున్నుండలకు మినుములు దోరగా వేయించుకొనే ఇల్లాలికి ఇది కొత్త సంగతి కాదు. మొన్న మా ఇంట అది చేసినప్పుడు రుచి చూచి, మంచిదేనన్నాను; కాని ఆ మాడువాసన లేక నాకు ఏదో వెలితిగా తోచినది.

ఆ మధ్యాహ్నం మూత తీసినప్పుడు వీధి అరుగుదాకా వాసన వచ్చినది. అమ్మ పిలువకుండనే వచ్చినది. వదిన ఒక ముక్క కోసి ఆకుమీద పెట్టి అందించినది. అమ్మ కొరికి, చాలాసేపు నమిలి, “కోవా కాదు, జున్నూ కాదు. బాగానే ఉందమ్మా” అన్నది. రెండవ ముక్క తానే తీసుకొన్నది. తరువాత మా ఇంట ఆ వంట ఎన్నోమార్లు జరిగినది. అమ్మ అడ్డు చెప్పలేదు. కాని శుక్రవారం నాడు మాత్రం పాలు విరవనిచ్చేది కాదు.