మందే జబ్బయిన కథ

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో ఇంగ్లండు, ఆస్ట్రేలియా, అమెరికా, జర్మనీ, స్విట్జర్లాండు దేశాల్లో పిల్లల డాక్టర్లను ఒక జబ్బు ఏళ్ళ తరబడి తికమక పెట్టింది. ఆరు నెలలు నిండినప్పటి నుంచి మూడేళ్ళ లోపు పిల్లలకే అది ఎక్కువగా వచ్చేది. ముందు బిడ్డకు చిరాకు మొదలయ్యేది. తిండి సయించేది కాదు, రాత్రిళ్ళు నిద్ర ఉండేది కాదు. కొన్నాళ్ళకు అరచేతులు, అరికాళ్ళు, ముక్కు కొస గులాబీ రంగుకు తిరిగి, ఉబ్బి, చెమటతో చల్లగా తడిసి ఉండేవి. ఒంటి మీద చెమటకాయల్లాంటి దద్దుర్లు లేచేవి. తర్వాత చర్మం పొరలు పొరలుగా ఊడేది. దురదకూ మంటకూ తాళలేక పిల్లలు చేతులు నలుపుకునేవారు, వేళ్ళు కొరుక్కునేవారు, జుట్టు పీక్కునేవారు. వెలుతురు చూడలేక మొహం దిండులో దూర్చుకుని పడుకునేవారు. కండరాల్లో పటుత్వం పోయి, నడక వచ్చిన పిల్లలు మళ్ళీ నిలబడలేకపోయేవారు. కొందరికి కొత్తగా వచ్చిన పళ్ళే రాలిపోయేవి. నెలల తరబడి ఇలా బాధపడ్డాక చాలామంది కోలుకునేవారు, కొందరు దక్కేవారు కాదు. ఒక్క ఇంగ్లండు, వేల్స్‌లలోనే 1939 నుంచి 1948 వరకు ఈ జబ్బు కింద నమోదైన మరణాలు 585. ఇంగ్లీషువాళ్ళు దీన్ని పింక్ డిసీజ్ అన్నారు. మనం గులాబీ జబ్బు అనుకుందాం. దీని కారణం తెలియడానికి దాదాపు అర్ధ శతాబ్దం పట్టింది. అది అంతుపట్టనంత లోతులో ఏమీ లేదు. ఇంటి అలమరలోనే, చిన్న పొట్లంలో ఉంది. దాన్ని అందరూ మందు అని పిలిచారు కాబట్టే దాదాపు ఎవరూ అనుమానించలేదు. ఈ జబ్బు చరిత్రలో మనం నేర్చుకోవలసింది అదే.

ముందుగా పేర్ల సంగతి చూడాలి. 1903లో జర్మనీలోని సోలింగెన్ పట్టణపు డాక్టర్ పౌల్ సెల్టర్ ఈ లక్షణాలున్న పిల్లల గురించి చెబుతూ, ఇది చర్మానికీ నరాలకూ సంబంధించిన రుగ్మత అన్నాడు. 1914లో అడిలైడ్ డాక్టర్ హ్యారీ స్విఫ్ట్ ఆక్లండ్‌లో జరిగిన వైద్య మహాసభలో ఎరుపు, వాపు అనే అర్థాలు కలిసిన గ్రీకు పేరొకటి దీనికి పెట్టాడు. 1920 ప్రాంతంలో అమెరికా వైద్యులు 1828లో పారిస్‌లో పెద్దవాళ్ళకు సోకిన మరో జబ్బు పేరును తెచ్చి దీన్ని అక్రోడినియా అన్నారు. కాళ్ళూ చేతుల చివర్లలో నొప్పి అని ఆ మాటకు అర్థం. 1923లో జూరిచ్ డాక్టర్ ఎమిల్ ఫీర్ దీన్ని అసంకల్పిత నాడీమండలంలో వచ్చిన లోపంగా వర్ణించాడు. ఈ పేర్లన్నీ కంటికి కనిపించినదాన్ని చెప్పాయే గాని, అది ఎందుకు వచ్చిందో చెప్పలేదు. కారణం కోసం సాగిన వెతుకులాట కూడా అలాగే ఉంది. కొందరు వైరస్ అన్నారు. చర్మం ఊడడం విటమిన్ లోపంతో వచ్చే పెల్లగ్రాను పోలి ఉంది కాబట్టి ఇదీ అలాంటి లోపమేనని కొందరు తేల్చారు. అలెర్జీ అన్నవారున్నారు, గ్రంథుల దోషమన్నవారున్నారు. ఎవరి ఊహకూ ఆధారం బొత్తిగా లేకపోలేదు, కానీ ఏ ఒక్కటీ నిలవలేదు. ఈ సిద్ధాంతాలన్నీ బిడ్డ ఒంట్లో ఏది తక్కువైంది, బయటి నుంచి ఏ క్రిమి వచ్చింది అని మాత్రమే అడిగాయి. బిడ్డ నోట్లో పెద్దలు ఏం వేస్తున్నారన్న ప్రశ్న వాటిలో లేదు.

ఆ ప్రశ్న ఎందుకు రాలేదో తెలియాలంటే పళ్ళు రావడం గురించిన పాత భయాన్ని అర్థం చేసుకోవాలి. పసివాళ్ళకు పళ్ళు వచ్చే వయసూ, రోగాలు ముసిరే వయసూ ఒకటే. తల్లి నుంచి వచ్చిన రక్షణ తరిగిపోయి, పాకుతూ దొరికిందల్లా నోట్లో పెట్టుకునే కాలం అది. దాంతో జ్వరమొచ్చినా, విరేచనాలైనా, ఫిట్స్ వచ్చినా నేరం పళ్ళ మీద పడింది. మన ఇళ్ళల్లోనూ ఈ వయసు విరేచనాలను పళ్ళ విరేచనాలని సరిపెట్టుకునే అలవాటు ఇంకా పోలేదు. యూరప్‌లో ఈ నమ్మకానికి వైద్యుల ముద్ర కూడా పడింది. పదహారో శతాబ్దంలో ఫ్రెంచి శస్త్రవైద్యుడు అంబ్రోయిజ్ పారే కాలం నుంచి పళ్ళు సులువుగా రావాలని చిగుళ్ళను కోయడం ఒక చికిత్సగా సాగింది. 1839లో ఇంగ్లండు, వేల్స్ మరణాల లెక్కల్లో పళ్ళు రావడమే కారణంగా రాసినవి 5,016 ఉన్నాయి. ఇంత భయం ఉన్నచోట దానికో మందు అమ్ముడుపోవడం సహజం. లండన్‌లో తయారైన స్టీడ్‌మన్ పొడి వంటివి పందొమ్మిదో శతాబ్దం మొదట్లోనే వచ్చి తర్వాత ఇంటింటికీ చేరాయి. వాటిలో ముఖ్య పదార్థం కాలొమెల్. ఇది పాదరసం, క్లోరిన్ కలిసిన లవణం. తెల్లగా ఉంటుంది, రుచి ఉండదు, విరేచనం చేయిస్తుంది. ఒంట్లోని చెడును బయటికి పంపితే జబ్బు పోతుందని నమ్మిన రోజుల్లో డాక్టర్లు పెద్దలకూ పిల్లలకూ దీన్ని ధారాళంగా రాసేవారు. అందుచేత తల్లికి అది విషంగా తోచే అవకాశమే లేదు.

ముడి విప్పినవారిలో జూరిచ్‌కు చెందిన గైడో ఫాంకోని ఒకరు. నులిపురుగుల కోసం కాలొమెల్ బిళ్ళలు మింగిన పిల్లల్లో జ్వరంతో కూడిన దద్దుర్లు రావడం ఆయన గమనించాడు. పాదరసం వాడకానికీ గులాబీ జబ్బుకూ సంబంధం ఉందని 1947లో రాశాడు. అదే సమయంలో అమెరికాలోని సిన్సినాటిలో జోసెఫ్ వార్కనీ, డొనాల్డ్ హబ్బర్డ్ మరో దారిలో అక్కడికే వచ్చారు. వియన్నాలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ వార్కనీకి ఈ లక్షణాలు ఏదో లోహం చేసిన పనిలా అనిపించాయి. 1945లో జబ్బుపడ్డ ఒక పిల్లవాడి మూత్రాన్ని రకరకాల లోహాల కోసం పరీక్ష చేయించారు. అందులో పాదరసం బయటపడింది. మరికొందరిని పరీక్షిస్తే ఎక్కువమందిలో అదే కనిపించింది. ఇంట్లో ఏం వాడారని అడిగితే పళ్ళ పొడి, పురుగుల మందు, దద్దుర్ల మీద రాసిన పాదరసపు లేపనం ఒక్కొక్కటిగా బయటికొచ్చాయి. 1948లో వాళ్ళ పరిశోధన లాన్సెట్ పత్రికలో అచ్చయింది. ఈ అనుమానం అంతకుముందు ఎవరికీ రాలేదని కాదు. 1922లోనే సెయింట్ లూయిస్ డాక్టర్ జాన్ జహోర్స్కీ పాదరసం మాట ఎత్తాడు, కానీ అది ముందుకు సాగలేదు. అంటే లోపం తెలివితేటల్లో లేదు. మందును నిందితుల వరసలో నిలబెట్టడానికి వైద్యలోకం సిద్ధంగా లేదు.

పాదరసమే కారణమన్న మాట మీద వచ్చిన మొదటి ఆక్షేపణ బలమైనది. ఆ పొడులు లక్షల మంది పిల్లలు తిన్నారు, జబ్బు కొద్దిమందికే వచ్చింది. పాదరసం తగిలిన ఐదు వందల మందిలో ఒకరికి వచ్చి ఉంటుందని తర్వాతి అంచనా. అదే కారణమైతే మిగతా 499 మంది ఎలా తప్పించుకున్నారు? ఆ కాలపు వైద్యులు చాలామంది ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోయారు. కానీ ఒకే పదార్థం ఒకరికి పడి, మరొకరికి పడకపోవడం వైద్యంలో వింత కాదు. పాదరసం శరీరంలోని ఒక ముఖ్యమైన ఎంజైము పనికి అడ్డుపడుతుంది. అడ్రినలిన్ వంటి రసాయనాలను కరిగించి పంపేసే పని దానిది. ఆ పని ఆగితే అవి ఒంట్లో పేరుకుంటాయి. చెమట, గుండెదడ, రక్తపోటు, నిద్రలేమి అన్నీ ఆ పేరుకోవడం నుంచి వచ్చేవే. ఈ దెబ్బకు ఏ బిడ్డ ఎంత తట్టుకుంటుందన్నది ఆ బిడ్డ శరీరతత్వాన్ని బట్టి ఉంటుంది. 1989లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో దీనికి కళ్ళకు కట్టే నిదర్శనం దొరికింది. పాదరసం కలిసిన రంగును ఇంటి లోపలి గోడలకు వేశాక నాలుగేళ్ళ బాలుడికి గులాబీ జబ్బు వచ్చింది. ఆ ఇంట్లో మిగతావారి మూత్రంలోనూ పాదరసం ఎక్కువగానే ఉంది, కానీ మంచం పట్టింది ఆ ఒక్క పిల్లవాడే. మరుసటి ఏడాది ఇళ్ళ లోపల వేసే అటువంటి రంగుల్లో పాదరసం వాడకాన్ని ఆ దేశం ఆపేసింది.

రెండో ఆక్షేపణ కాలానికి సంబంధించినది. కాలొమెల్ వాడకం రెండు మూడు వందల ఏళ్ళ పాతది, జబ్బు మాత్రం ఇరవయ్యో శతాబ్దంలోనే కనిపించింది కదా అన్నారు. పైగా కొందరు రోగుల మూత్రంలో పాదరసం దొరకలేదు. మొదటిదానికి జవాబు మరణాల లెక్కల్లోనే ఉంది. పుట్టిన పిల్లల్లో అంతమంది అంటురోగాలతో రాలిపోతూ, ఆ చావుల్లో వేలకు వేలు పళ్ళ ఖాతాలో పడుతున్నప్పుడు, అదే పళ్ళ వయసులో వచ్చే ఒక జబ్బును విడదీసి చూసే కన్ను ఎక్కడుంటుంది? నీరు, పాలు శుభ్రపడి మిగతా రోగాలు వెనక్కు తగ్గాక గాని ఇది విడిగా కనిపించలేదు. రెండోదానికి జవాబు, పాదరసం ఒంట్లోంచి పోయే తీరులో ఉంది. పొడి వేయడం మానేసిన కొన్ని వారాలకు బిడ్డను తీసుకొస్తే మూత్రంలో జాడ ఉండకపోవచ్చు. ఆ రెండు ఆక్షేపణలనూ మించిన సాక్ష్యం తర్వాత వచ్చింది. 1950ల తొలి సగంలో ఆస్ట్రేలియా, బ్రిటన్ పళ్ళ పొడుల నుంచి పాదరసం వెళ్ళిపోయింది. బ్రిటన్‌లో 1954 నాటికి తయారీదార్లు దాన్ని తీసేశారు. కొద్ది ఏళ్ళలోనే జబ్బు పిల్లల వార్డుల నుంచి దాదాపు మాయమైంది. అది తనంతట తానే తగ్గుముఖం పట్టి ఉండవచ్చని కొందరు వాదించారు. ఆ వాదాన్ని 1980లో బ్యూనస్ ఐరిస్ నగరం పూర్వపక్షం చేసింది. అక్కడ ఒక లాండ్రీ సంస్థ బూజు పట్టకుండా పాదరసపు మందుతో శుద్ధి చేసిన గుడ్డలను వేలమంది పసిపిల్లల తల్లులకు పంపింది. ఆ గుడ్డలు కట్టిన పిల్లల్లో కొందరికి గులాబీ జబ్బు వచ్చింది. పాదరసం పోయినచోట జబ్బు పోయింది, అది తిరిగి వచ్చినచోట జబ్బు తిరిగి వచ్చింది. కారణాన్ని రుజువు చేయడానికి ఇంతకన్నా బలమైన సాక్ష్యం అరుదుగా దొరుకుతుంది.

ఇక ఈ తప్పు అంతకాలం ఎలా నిలిచిందన్నది చరిత్రకారులు అడగవలసిన అసలు ప్రశ్న. అమ్మకందారుల లాభాపేక్ష ఒక్కటే దీనికి చాలదు. ఈ మందు చేసే హానీ, అది తగ్గించాల్సిన బాధా చూడడానికి ఒకేలా ఉండేవి. పాదరసం ఎక్కిన బిడ్డకు చొంగ కారుతుంది, చిగుళ్ళు వాస్తాయి, ఏడుపు ఆగదు, నిద్ర పట్టదు. పళ్ళు వచ్చే బిడ్డ అచ్చం అలాగే ఉంటుందని అందరూ నమ్మేవారు. కాబట్టి హాని పెరిగే కొద్దీ మరో పొట్లం విప్పేవారు. దద్దుర్లు లేస్తే వాటి మీద రాసే లేపనంలోనూ పాదరసమే ఉండేది. ఈ చక్రంలో చిక్కుకున్న తల్లులను తప్పుపట్టడం అన్యాయం. వాళ్ళు డాక్టర్ల మాట, అమ్మమ్మల మాట, పెట్టె మీది మాట విన్నారు. మూడూ ఒకటే చెప్పాయి. డాక్టరు ఏ మందులు వాడారని అడిగినప్పుడు తల్లి పళ్ళ పొడి సంగతి చెప్పకపోవడానికి కూడా కారణముంది. ఉప్పు, పంచదార లాగా ఎప్పుడూ ఇంట్లో ఉండేదాన్ని ఎవరూ మందుల లెక్కలో వేయరు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పసివాళ్ళ ఒంటి మీద లేచే ప్రతి దద్దురుకూ ఏదో విషం కారణమనుకోవడం ఈ చరిత్రను తప్పుగా చదవడమే. నెలలు నిండి పుట్టిన పిల్లల్లో దాదాపు సగం మందికి మొదటి రోజుల్లో ఎర్రటి మచ్చలు వచ్చి, వాటంతట అవే పోతాయి. 1912లో వియన్నా డాక్టర్ కార్ల్ లైనర్ వాటికి విషపు ఎరుపు అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఏ హానీ చేయనిదానికి విషం పేరు పడింది, నిజంగా విషం చేసినదానికి పువ్వు రంగు పేరు పడింది. పేర్లను నమ్మకూడదని చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు. చెమటకాయలు, ఆటలమ్మ, తట్టు, వైరస్ జ్వరాల తర్వాత లేచే ఎరుపు వేరువేరు దారుల్లో వస్తాయి. వాటిని డాక్టరు చూసే చెప్పాలి. అయినా గులాబీ జబ్బు నేర్పిన ప్రశ్న పాతబడలేదు. మన దేశంలో గజ్జికీ తామరకూ చెమటకాయలకూ ఒకే ట్యూబు రాసే అలవాటు ఎంత ముదిరిందంటే, 2018లో ప్రభుత్వం 14 స్టెరాయిడ్ పూతలను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలోకి తేవలసి వచ్చింది. ఆ పూతలతో ఎరుపు ముందు తగ్గి, మానేయగానే మరింతగా రేగుతుంది, మళ్ళీ అదే రాస్తారు. వందేళ్ళ కిందటి చక్రం ఇదే. పాదరసమూ ఎక్కడికీ పోలేదు. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో కొందరికి మూత్రపిండాలు దెబ్బతినడానికి తెల్లబరిచే క్రీముల్లోని పాదరసం కారణమని డాక్టర్లు గుర్తించారు. పెద్దవాళ్ళు మొహానికి రాసుకున్నది చేతుల మీదుగా, పక్కబట్టల మీదుగా బిడ్డకు చేరుతుంది.

కాబట్టి బిడ్డ ఒళ్ళు పేలి, కారణం తెలియక డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఎప్పుడు లేచాయి, జ్వరం ఉందా అన్నవాటితో ఆగకండి. నోట్లో వేసింది, ఒంటికి రాసింది, బట్టలకు పెట్టింది, ఇంట్లో పెద్దలు వాడేది ఏదీ వదలకుండా చెప్పండి. సీసాలూ ట్యూబులూ పొట్లాలూ వెంట తీసుకెళ్ళండి. డాక్టర్లూ ఆ ప్రశ్న మొదటే అడగాలి. నలభై ఏళ్ళకు పైగా ఎవరూ పట్టుబట్టి అడగని ఆ ప్రశ్నను 1945లో ఒక పిల్లవాడి మూత్రపు సీసా అడిగింది. దానికి దొరికిన జవాబుతోనే ఒక జబ్బు దాదాపుగా అంతరించింది.