వెండితెర మీద ఇసుక

కొత్త చీర కట్టుకుని అద్దం ముందు నిలబడితే చీర మీద ఏదో మచ్చ కనిపించిందనుకోండి. దులుపుతాం, దీపం దగ్గరికెళ్లి చూస్తాం, కొట్టువాణ్ణి తిట్టుకుంటాం. తీరా చూస్తే మచ్చ అద్దానిది! మొన్న దసరాకి లాప్‌టాప్ కొన్నప్పుడు నా పని సరిగ్గా అలాగే అయింది. కాకపోతే నా అద్దం మీది మచ్చ తుడిస్తే పోయేది కాదు.

రోజుకి ఆరేడు గంటలు తెల్లకాగితం వంక చూస్తూ కూర్చునే వృత్తి నాది. ఆ కాగితం ఇప్పుడు కంప్యూటర్‌లోకి వెళ్లిపోయింది. "ఇది మ్యాట్ స్క్రీన్ మేడమ్, ట్యూబ్‌లైట్ నీడ పడదు, కళ్లకి హాయి" అన్నాడు షాపు కుర్రాడు. నిజమే, నీడ పడలేదు. కానీ ఇంటికొచ్చి తెల్ల పేజీ తెరిస్తే, పేజీ నిండా బొంబాయి రవ్వ జల్లినట్టు సన్నటి పలుకులు! కళ్లజోడు తుడిచాను. తెర తుడిచాను. మళ్లీ కళ్లజోడు తుడిచాను. మావారు పేపరు దించకుండానే, "నలభై దాటాక చత్వారం రాదటోయ్?" అన్నారు.

మా అబ్బాయి మాత్రం తన లాప్‌టాప్ తెచ్చి నాదాని పక్కన పెట్టాడు. అదే పేజీ దాంట్లో మీగడ కట్టిన పాలలా ఉంది. వాడిది ఓఎల్ఈడీ తెరట, నాది ఐపీఎస్ తెరట. "నీదాంట్లో గ్రెయిన్ ఉందమ్మా" అని తేల్చేశాడు.

గ్రెయిన్! ఆ మాట విని ఎన్నేళ్లయిందో! చిన్నప్పుడు మా చిన్నతాతయ్య నోట రోజుకి పదిసార్లు వినేదాన్ని. ఆయన మద్రాసులో ఒక ఫిల్మ్ లేబొరేటరీలో పాతికేళ్ల దాకా పనిచేశాడు. మా చిన్నమ్మమ్మ పెళ్లికి ముందు రెండు మూడేళ్లు సినిమాల్లో గ్రూప్ డాన్సులు చేసింది. ఇద్దరికీ పరిచయం ఎలా అయిందని అడిగితే, "ఈయన నన్ను నెగెటివ్‌లో ముందు చూశాడే, నల్లపిల్లననుకున్నాడు" అని నవ్వేది.

జూబ్లీహిల్స్ అనగానే మేడలనుకునేరు! మాది చెక్‌పోస్టు కిందుగా ఉన్న పాత అపార్టుమెంటు. అక్కణ్ణించి ఫిల్మ్‌నగర్ ఎంతో దూరం లేదు. ఆ ఆదివారం రెండు లాప్‌టాప్‌లూ సంచిలో పెట్టుకుని, అబ్బాయిని వెంటేసుకుని తాతయ్య దగ్గరికి బయల్దేరాను. ఒకప్పుడు అదంతా రాళ్లగుట్టలే. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు బంజారాహిల్స్‌లో అన్నపూర్ణా స్టూడియో తెరిచారు. కృష్ణగారి పద్మాలయా వచ్చింది. 1989లో రామానాయుడుగారి స్టూడియో ఫిల్మ్‌నగర్ గుట్ట మీద వెలిసింది. ఆ గాలికే మద్రాసు నుంచి తారలతో బాటు మేకప్‌వాళ్లూ, లైట్‌బాయిలూ, లాబ్‌వాళ్లూ కూడా మూటాముల్లె సర్దుకుని వచ్చేశారు. తాతయ్యా అలా వచ్చినవాడే. ఎనభై నాలుగేళ్లు. చెవులు కాస్త మందగించాయిగానీ కళ్లు మాత్రం గద్దకళ్లు.

రెండు తెరలూ పక్కపక్కన పెట్టి సంగతి చెప్పాను. ఆయన నాదాని ముందు కూర్చుని తల ఇటూ అటూ ఊపాడు. గుడిలో శఠగోపానికి తలవంచినట్టు కిందికీ పైకీ చూశాడు. "ఇది గ్రెయిన్ కాదు తల్లీ, గరుకు" అన్నాడు.

"తేడా ఏమిటి తాతయ్యా?"

"గ్రెయిన్ బొమ్మది. గరుకు గాజుది."

ఆ ఒక్క ముక్కని విడమరచడానికి ఆయనకి ఒక పూట పట్టింది. నాకు అర్థమైనంతలో మీకూ చెబుతాను.

పాత నలుపు తెలుపు ఫిల్మ్ అంటే ప్లాస్టిక్ పట్టీ మీద జెలటిన్ పూత. ఆ జెలటిన్‌లో వెండి లవణాల పలుకులు ఇరుక్కుని ఉంటాయి. వెలుతురు తగిలిన పలుకులు రసాయనంలో ముంచగానే అచ్చమైన వెండిగా మారి నల్లగా నిలబడతాయి. తగలనివి కడుక్కుపోతాయి. అంటే సావిత్రిగారి కళ్లయినా, ఎస్వీ రంగారావుగారి మీసమైనా ఆ పట్టీ మీద నిజంగా వెండి రజనే! తక్కువ వెలుతురులో తీయాలంటే పెద్ద పలుకులున్న ఫిల్మ్ వాడాలి, అప్పుడు బొమ్మలో ఇసుక ఎక్కువ. సన్న పలుకుల ఫిల్మ్‌కి దీపాలు మండిపోవాలి. నెగెటివ్ నుంచి ప్రింటు, ప్రింటు నుంచి మళ్లీ నెగెటివ్ తీస్తూపోతే, పలచన చేసిన మజ్జిగలో మళ్లీ నీళ్లు పోసినట్టు బొమ్మ పలచబడి ఇసుక మిగిలేది.

"మార్కస్ బార్‌ట్లే 'మాయాబజార్' చూడు. ఆ తెలుపులో ఎన్ని తెలుపులు!" అంటాడు తాతయ్య. 1957లో విజయావారు తీసిన ఆ సినిమాలో శశిరేఖ తెరిచే ప్రియదర్శిని పెట్టె గుర్తుందా? మూత తీస్తే మనసులో ఉన్నవాళ్లు కనిపిస్తారు. శశిరేఖకి అభిమన్యుడు, కృష్ణుడికి శకుని! మూత తెరవడం, లోపల బొమ్మ కదలడం... అచ్చం లాప్‌టాపే కదండీ! అయితే ఆ పెట్టెకి గరుకు ఉన్నట్టు కె.వి. రెడ్డిగారు ఎక్కడా చూపించలేదు.

తర్వాత 1963లో 'లవకుశ'తో తెలుగులో పూర్తి రంగుల సినిమా వచ్చింది. రంగుల ఫిల్మ్‌లో వెండి పని పూర్తికాగానే కడిగేస్తారు, రంగు మేఘాలే మిగులుతాయి. 1974లో 'అల్లూరి సీతారామరాజు' సినిమాస్కోప్‌లో వచ్చింది. 1986లో 'సింహాసనం' 70 ఎం.ఎం.లో వచ్చింది. ఫిల్మ్ వెడల్పయిన కొద్దీ బొమ్మని తక్కువ సాగదీస్తే చాలు, కనక ఇసుక కంటికి తగ్గుతుంది. ఇలా మనవాళ్లు యాభై ఏళ్లపాటు గ్రెయిన్‌తో కుస్తీ పడుతూనే ఉన్నారు.

మరి లాప్‌టాప్‌లో వెండి లేదే, ఇసుక ఎక్కణ్ణించి వచ్చింది? ఇది మా అబ్బాయి చెప్పిన భాగం. 1888లో ప్రేగ్‌లో రైనిట్జర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు క్యారెట్ల నుంచి తీసిన పదార్థాన్ని వేడి చేస్తే అది రెండుసార్లు కరిగిందట! మొదట మబ్బుగా, తర్వాత తేటగా. ఆ మబ్బు దశే ద్రవస్ఫటికం. 1970 ఆఖర్లో స్విట్జర్లాండులో దాన్ని మెలితిప్పి విద్యుత్తుతో తెరిచి మూసే కిటికీలా వాడడం కనిపెట్టారు. టీఎన్ తెర అంటే అదే. చవకే, కానీ పక్క నుంచి చూస్తే ముఖాలు వెలవెలబోతాయి. 1977లో బెంగుళూరు రామన్ ఇన్‌స్టిట్యూట్‌లో చంద్రశేఖర్ గారు, ఆయన సర్ సి.వి. రామన్‌కి మేనల్లుడు, సహచరులతో కలిసి పళ్లెం ఆకారపు అణువులతో కొత్తరకం ద్రవస్ఫటికాలు కనిపెట్టారు. ఆ వెలవెలబాటు తగ్గించే పొరల్లో తర్వాత అలాంటివే పనికొచ్చాయి. 1990ల నడుమ జపాన్‌లో హిటాచీవాళ్లు తెచ్చిన ఐపీఎస్ తెరలో ఏ పక్క నుంచి చూసినా రంగు నిలబడుతుంది.

నా లాప్‌టాప్‌దీ ఐపీఎస్సే. తప్పు దానిది కాదు, దాని మీద పరిచిన మ్యాట్ పొరది. వెలుతురు నీడ పడకుండా ఆ పొరని కావాలనే సన్నగా గరుకు చేస్తారు. కింద లక్షల బుల్లి దీపపు గళ్లు ఉంటాయి. గరుకులోని ఒక్కో బొడిపె ఒక్కో బుల్లి భూతద్దమై, ఒక గడిని పెద్దది చేసి పక్కదాన్ని చిన్నది చేస్తుంది. అదే నా బొంబాయి రవ్వ! ఇంకో తిరకాసు కూడా ఉంది. చవక తెరలు కొన్ని సొంతంగా చూపేది సుమారు 2.6 లక్షల రంగులే. మిగతావి గళ్లని గబగబా మార్చి మనల్ని భ్రమింపజేసి 1.67 కోట్లని చెప్పుకుంటాయి. నీడల్లో, ఆకాశంలో ఆ మార్పు సన్నటి నలతలా కనిపిస్తుంది.

అబ్బాయి ఓఎల్ఈడీ తెరకి వెనక దీపం లేదు. ఒక్కో గడీ తనంతట తానే వెలుగుతుంది. ఆరితే అమావాస్యే! నలుపు నిజంగా నలుపు. నున్నటి గాజు కనక గరుకూ లేదు. కానీ మా హాల్లో ఫ్యాను, కిటికీ, నా ముఖం అన్నీ అందులో కనిపిస్తాయి. కదలని బొమ్మ నెలల తరబడి ఉంచితే మచ్చ పడే భయమూ ఉందట. ఏ కోడలికైనా ఏదో వంక ఉండనే ఉంటుంది! తమాషా ఏమిటంటే, ఈ ఓఎల్ఈడీకి దారి చూపింది 1987లో కొడాక్ కంపెనీలో పనిచేసిన టాంగ్, వాన్ స్లైక్ అనే ఇద్దరు. లోకానికంతా వెండి రజను ఫిల్మ్ అమ్మిన కొడాకే!

ఆ మాట వినగానే తాతయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత అబ్బాయితో, "మీ ముత్తవ్వ బొమ్మ ఉందిగా, పెట్టు" అన్నాడు.

అరవైల్లో వచ్చిన ఒక నలుపు తెలుపు సినిమాలో, మూడో వరుసలో కుడి నుంచి రెండో అమ్మాయి మా చిన్నమ్మమ్మ. మొత్తం నాలుగు సెకన్లు. సెకనుకి 24 ఫ్రేములు కనక 96 బొమ్మలు. ఆవిడ పోయి పదకొండేళ్లయింది. ఆ సినిమా ప్రింటు ఒకటి ఎలాగో బతికి బయటపడితే, ఎవరో పుణ్యాత్ములు కంప్యూటర్‌లోకి ఎక్కించారు.

నా తెర మీద చూశాం. తర్వాత అబ్బాయి తెర మీద చూశాం. రెంటిలోనూ ఇసుక ఉంది. "ఇప్పుడు బొమ్మ ఆపు" అన్నాడు తాతయ్య. "చూశావా? బొమ్మ నడిచేటప్పుడు గ్రెయిన్ చీమలపుట్టలా ఆడుతుంది, ఫ్రేముకో తీరు. ఆపితే ఆగిపోతుంది. గాజు గరుకు బొమ్మ నడిచినా ఆగినా అక్కడే ఉంటుంది. నీ తల కదిలితేనే అది మెరుస్తుంది. బొమ్మతో కదిలేది బొమ్మది, నీతో కదిలేది గాజుది."

ఇంత తేలిక పరీక్ష ఏ షాపువాడూ నాకు చెప్పలేదు.

మా అబ్బాయికి హుషారెక్కింది. "శుభ్రం చేసిన కాపీ కూడా ఉంది ముత్తాతా, ప్రోగ్రామ్‌తో గ్రెయిన్ అంతా తీసేశాను" అంటూ అది పెట్టాడు. ఇసుక లేదు. గీతలు లేవు. ముఖాలన్నీ లక్క పూసిన బొమ్మల్లా నిగనిగలాడుతున్నాయి. తాతయ్య తెరకి దగ్గరగా వంగాడు. మూడో వరుస, కుడి నుంచి రెండు.

"ముక్కుపుడక ఏదిరా?" అన్నాడు.

నిజమే. లేదు! పాత కాపీలో చిన్నమ్మమ్మ తల తిప్పినప్పుడల్లా ముక్కు మీద ఒక తెల్లచుక్క తళుక్కుమనేది. ప్రోగ్రామ్ దాన్ని దుమ్మనుకుని తుడిచేసింది. పాపం, దానికేం తెలుసు? ఆ చుక్క కోసం మా ముత్తవ్వ రెండు గాజులు మార్చిందని ఎవరు చెప్పారు దానికి?

అప్పుడు తాతయ్య నాకెప్పుడూ చెప్పని సంగతి చెప్పాడు. 1980 మొదట్లో ప్రపంచమంతటా వెండి ధర ఆకాశాన్నంటిందట. పాత నలుపు తెలుపు ప్రింట్లు కొని, కడిగి వెండి తీసుకునేవాళ్లు బస్తాలు పట్టుకుని తిరిగేవారట. వాళ్ల గోదాములో చోటు లేదు. యజమాని తూకానికి ఇచ్చేయమన్నాడు. "ఆ సినిమావి మూడు ప్రింట్లు నా చేతుల మీదుగానే వెళ్లాయి తల్లీ. డబ్బా మీద పేరు చూశాను. మీ చిన్నమ్మమ్మకి చెప్పలేదు. మన ఇంట్లో ఉన్నదాన్నే మళ్లీ బొమ్మలో దాచుకోవడమెందుకు అనుకున్నాను."

మన దేశంలో చాలా సినిమాలు అలాగే కరిగిపోయాయి. 1931 నాటి తొలి టాకీ 'ఆలం ఆరా' ఈనాడు ఎక్కడా లేదు. పుణేలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టిందే 1964లో. అంతకుముందు పోయినవాటిని ఎవరు తేగలరు?

శుభ్రం చేయడమే తప్పనడం లేదు నేను. 2010లో హైదరాబాదు గోల్డ్‌స్టోన్ సంస్థ 'మాయాబజార్'కి రంగులద్ది విడుదల చేస్తే, మా అబ్బాయిలాంటి పిల్లలు తొలిసారి ఆ సినిమాని కళ్లార్పకుండా చూశారు. గీతలూ, బూజూ తీయవలసిందే. కానీ బియ్యంలో రాళ్లు ఏరేటప్పుడు మనం చాట మీద కళ్లు పెట్టి ఏరతాం గదా! కళ్లు మూసుకుని చెరిగితే రాళ్లతో బాటు నూకలూ, గింజలూ పోతాయి. పాత నలుపు తెలుపు కాపీని పక్కన భద్రంగా ఉంచి, ఆ తర్వాత ఏ రంగులద్దినా నాకు అభ్యంతరం లేదు.

ఇక మీలో ఎవరైనా లాప్‌టాప్ కొనబోతుంటే ఈ చెల్లెలి మాట వినండి. షాపులో ముందు తెల్ల పేజీ తెరిపించి తల ఇటూ అటూ ఊపండి, ఎవరు నవ్వినా సరే. తర్వాత ఒక చీకటి దృశ్యం పెట్టించి నలుపు బూడిదవుతుందేమో చూడండి. పక్కకి జరిగి నిలబడి మనిషి రంగు మారుతుందేమో చూడండి. చివరగా మీ ఇంట్లో పాత ఫోటో ఏదైనా వెంట తీసుకెళ్లి అందులో పెట్టించండి. అమ్మదో, అమ్మమ్మదో. ఆ ముఖం మీరెరిగిన ముఖంలా ఉంటే ఆ తెర మంచిదే.

నా రవ్వ తెరని నేను మార్చలేదు. కిటికీ పక్కన కూర్చుని రాసుకోవడానికి అదే హాయి. సినిమాలకి మాత్రం అబ్బాయి దగ్గరికి వెళుతున్నాను. వాడు శుభ్రం చేసిన కాపీ తీసేసి పాతదే ఉంచాడు.

ఆ రోజు మేం బయల్దేరబోతుంటే తాతయ్య, "ఇంకొక్కసారి" అన్నాడు. నాలుగు సెకన్లు. ఇసుకలోంచి చుక్క తళుక్కుమంది. ఆయన కండువా కొసతో తెర తుడవబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.