బేస్‌బాల్ స్టేడియం స్థానం, ప్రేక్షకుల హాజరు, జట్టు గుర్తింపు

బేస్‌బాల్ క్రీడలో జట్టు యొక్క సొంత స్టేడియం నగరంలో ఏ ప్రాంతంలో ఉన్నది అనే అంశం ఆ జట్టు ఆటలకు వచ్చే ప్రేక్షకుల సంఖ్యను, ఆ జట్టుకు ప్రజలలో ఉండే గుర్తింపును గణనీయంగా ప్రభావితం చేస్తుంది. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 30 జట్లు ఉన్నాయి. స్టేడియం స్థలం విషయమై ఏర్పడిన వివాదాల వలన కొన్ని జట్లు నగరాలనే మార్చాయి. కొన్ని చోట్ల స్టేడియం కోసం బస్తీలకు బస్తీలే ఖాళీ అయ్యాయి.

నేపథ్యం

మేజర్ లీగులో ప్రతి జట్టు ఒక సీజనులో 162 ఆటలు ఆడుతుంది. వీటిలో 81 ఆటలు సొంత స్టేడియంలో జరుగుతాయి. భారతదేశంలో ఐపీఎల్ క్రికెట్ జట్టు ఒక సీజనులో సొంత మైదానంలో ఆడే మ్యాచ్‌లు సాధారణంగా ఏడు మాత్రమే. ఏడాదికి ఏడు సార్లు జరిగే పోటీకి అభిమాని ఎంత దూరమైనా ప్రయాణం చేస్తాడు. కానీ ఏప్రిల్ నుండి సెప్టెంబరు వరకు, అందులోనూ ఎక్కువగా పనిదినాల సాయంత్రాలలో జరిగే 81 ఆటలకు స్టేడియం నింపాలంటే అది ప్రేక్షకుని ఇంటికో, కార్యాలయానికో అందుబాటులో ఉండాలి. బేస్‌బాల్‌లో స్థలానికి ఇంత ప్రాధాన్యం రావడానికి ఇదే మూలకారణం.

20వ శతాబ్దం ఆరంభంలో నిర్మించిన స్టేడియాలు ట్రాం మార్గాల పక్కన, ఇళ్ళ మధ్య ఇరుకు స్థలాలలో వెలిశాయి. బోస్టన్‌లోని ఫెన్‌వే పార్క్ (1912), చికాగోలోని రిగ్లీ ఫీల్డ్ (1914) ఇందుకు నేటికీ నిలిచి ఉన్న ఉదాహరణలు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత మధ్యతరగతి కుటుంబాలు శివారు ప్రాంతాలకు తరలిపోయి, కార్ల వాడకం పెరగడంతో రహదారుల పక్కన విశాలమైన పార్కింగు స్థలాలతో కూడిన స్టేడియాలు వచ్చాయి. 1990ల నుండి మళ్ళీ నగర కేంద్రాలలో నిర్మించే ధోరణి మొదలైంది.

హాజరుపై ప్రభావం

స్థలం హాజరును ప్రభావితం చేసే మార్గాలలో ముఖ్యమైనవి ఇవి:

* రవాణా: రైలు, బస్సు సౌకర్యం, పార్కింగు, రద్దీ వేళలలో ప్రయాణానికి పట్టే సమయం.
* జనసాంద్రత: అరగంట ప్రయాణ దూరంలో నివసించేవారి, పనిచేసేవారి సంఖ్య.
* వాతావరణం: గాలి, చలి, వర్షం. ఒకే నగరంలో కొద్ది కిలోమీటర్ల తేడాతో ఇవి మారవచ్చు.
* పరిసరాలు: ఆటకు ముందు, తరువాత కాలక్షేపానికి వీలైన హోటళ్ళు, దుకాణాలు, నడకదారులు.

శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ జట్టు 1960 నుండి 1999 వరకు నగరపు దక్షిణ అంచున, సముద్రపు గాలులకు పేరుపడ్డ కాండిల్‌స్టిక్ పార్కులో ఆడింది. అక్కడి రాత్రి ఆటలలో ప్రేక్షకులు వేసవిలో కూడా చలికి వణికేవారు. 1992లో ఈ జట్టు ఫ్లోరిడాకు తరలిపోయే పరిస్థితి తృటిలో తప్పింది. 2000లో నగర కేంద్రానికి దగ్గరగా, సముద్రపు ఒడ్డున కొత్త స్టేడియం ప్రారంభమైంది. 1999లో సుమారు 20.8 లక్షలు ఉన్న హాజరు 2000లో సుమారు 33 లక్షలకు పెరిగింది.

బాల్టిమోర్ నగరంలో పాత రైల్వే యార్డు స్థలంలో 1992 ఏప్రిల్ 6న ప్రారంభమైన కామ్డెన్ యార్డ్స్ స్టేడియం నగర కేంద్రానికి తిరిగివచ్చే ధోరణికి నాంది పలికింది. అక్కడి పాత ఇటుక గిడ్డంగిని కూల్చకుండా మైదానపు దృశ్యంలో భాగం చేశారు. 1991లో దాదాపు 25.5 లక్షలు ఉన్న హాజరు 1992లో 35 లక్షలు దాటింది. అయితే అదే స్టేడియంలో జట్టు 115 ఆటలు ఓడిపోయిన 2018లో హాజరు దాదాపు 15.6 లక్షలకు పడిపోయింది. మంచి స్థలం జట్టు ఆటతీరుకు ప్రత్యామ్నాయం కాదని దీనివలన తెలుస్తున్నది.

కొత్త స్టేడియం వచ్చిన తొలి సంవత్సరాలలో జనం విశేషంగా వచ్చి, కొత్తదనం పోగానే తగ్గడం తరచుగా కనిపించే విషయం. బోస్టన్‌లో 1952లో కేవలం 2.8 లక్షల మంది ప్రేక్షకులను పొందిన బ్రేవ్స్ జట్టు 1953లో మిల్వాకీ నగరానికి మారి ఆ ఏడే 18 లక్షలకు పైగా, 1954లో 21 లక్షలకు పైగా ప్రేక్షకులను రాబట్టింది. 1965లో ఆ సంఖ్య దాదాపు 5.5 లక్షలకు తగ్గింది. మరుసటి సంవత్సరం ఆ జట్టు అట్లాంటాకు తరలిపోయింది.

ప్రస్తుతం ప్రకటించే హాజరు సంఖ్య అమ్ముడైన టిక్కెట్ల లెక్క మాత్రమే. టిక్కెట్టు కొని రానివారు కూడా అందులో చేరతారు. కావున వివిధ కాలాల సంఖ్యలను పోల్చేటప్పుడు జాగ్రత్త అవసరం.

జట్టు గుర్తింపుపై ప్రభావం

చికాగోలోని రెండు జట్లలో కబ్స్ నగరపు ఉత్తర భాగానికి, వైట్ సాక్స్ దక్షిణ భాగానికి చెందినవిగా పేరుపొందాయి. రెండు స్టేడియాలూ ఒకే మెట్రో రైలు మార్గంపై ఉన్నప్పటికీ అభిమానులు మాత్రం చాలావరకు తాము పుట్టి పెరిగిన ప్రాంతాన్ని బట్టి విడిపోయి ఉంటారు. కబ్స్ ఆడే రిగ్లీ ఫీల్డ్ ఇళ్ళ మధ్యన ఉండడం వలన, పొరుగువారి అభ్యంతరాలు కూడా తోడై, 1988 వరకు అక్కడ రాత్రి ఆటలకు దీపాలు అమర్చలేదు. పగటిపూట ఆటలే ఆ జట్టు ప్రత్యేకతగా నిలిచాయి.

టాంపా బే రేస్ పేరులో ఉన్నది ఏ నగరమూ కాదు, ఒక అఖాతం. జట్టుకు 1998 నుండి సొంత స్టేడియంగా ఉన్న ట్రాపికానా ఫీల్డ్ అఖాతానికి ఒక వైపున సెంట్ పీటర్స్‌బర్గ్‌లో ఉండగా, టాంపా నగరం ఎదుటి ఒడ్డున ఉన్నది. టాంపా వాసులు ఆట చూడాలంటే సాయంకాలపు రద్దీలో పొడవైన వంతెన దాటవలసి ఉంటుంది. 2012లో ఈ జట్టు 90 ఆటలు గెలిచినా హాజరులో 30 జట్లలో చిట్టచివరి స్థానంలో నిలిచింది. 2024 అక్టోబరులో మిల్టన్ తుఫాను స్టేడియం పైకప్పును చీల్చివేయడంతో 2025 సీజనులో సొంత ఆటలను టాంపాలోని ఒక చిన్న మైదానంలో ఆడవలసి వచ్చింది.

ప్రధాన ఉదాహరణ: బ్రూక్లిన్ నుండి లాస్ ఏంజెలెస్‌కు

స్థలానికి, గుర్తింపుకు గల సంబంధాన్ని డాడ్జర్స్ జట్టు చరిత్ర స్పష్టంగా చూపిస్తుంది. బ్రూక్లిన్ వీధులలో అడ్డదిడ్డంగా పరుగెత్తే ట్రాంల నుండి తప్పించుకు తిరిగే జనాన్ని ఉద్దేశించి పుట్టిన మాటే "డాడ్జర్స్". 1898లో న్యూయార్కులో విలీనమయ్యే వరకు బ్రూక్లిన్ వేరే నగరం. విలీనం తరువాత ఆ ప్రాంతపు ప్రత్యేక అస్తిత్వానికి గుర్తుగా మిగిలినవాటిలో ఈ జట్టు ముఖ్యమైనది.

జట్టు 1913 నుండి ఎబెట్స్ ఫీల్డ్ అనే స్టేడియంలో ఆడింది. 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ ఇక్కడే తొలి ఆట ఆడి మేజర్ లీగులో అప్పటివరకు సాగిన వర్ణవివక్షను ఛేదించాడు. ఆ ఏడాది హాజరు 18 లక్షలు దాటింది. 1955లో జట్టు మొట్టమొదటిసారి వరల్డ్ సిరీస్ గెలిచినా ఆ ఏడాది హాజరు దాదాపు 10.3 లక్షలు మాత్రమే. స్టేడియంలో సుమారు 32,000 మందికే చోటుండేది. 700 కార్లకు మించి పార్కింగు లేదు. శివారుకు తరలిన పాత అభిమానులు కారులో వచ్చేందుకు జంకేవారు. టెలివిజన్ ప్రసారాలు కూడా హాజరు తగ్గడానికి ఒక కారణమయ్యాయి.

జట్టు యజమాని వాల్టర్ ఓమాలీ బ్రూక్లిన్‌లోనే, శివారు రైళ్ళూ సబ్‌వే మార్గాలూ కలిసే అట్లాంటిక్, ఫ్లాట్‌బుష్ అవెన్యూల కూడలి వద్ద సొంత ఖర్చుతో స్టేడియం కట్టడానికి ముందుకు వచ్చాడు. అనేకమంది యజమానుల చేతిలో ఉన్న ఆ భూమిని 1949 నాటి గృహనిర్మాణ చట్టం క్రింద సేకరించి ఇవ్వాలని కోరాడు. ప్రైవేటు జట్టు స్టేడియం ప్రజాప్రయోజనం క్రిందికి రాదని నగర నిర్మాణ వ్యవహారాలలో తిరుగులేని అధికారం చెలాయించిన రాబర్ట్ మోజెస్ తిరస్కరించాడు. దానికి బదులు క్వీన్స్ ప్రాంతంలోని ఫ్లషింగ్ మెడోస్ స్థలాన్ని సూచించాడు. క్వీన్స్‌లో ఆడే జట్టు బ్రూక్లిన్ జట్టు కాజాలదన్నది ఓమాలీ వాదన. 1957 సెప్టెంబరు 24న ఎబెట్స్ ఫీల్డులో జరిగిన ఆఖరి ఆటకు 6,702 మంది మాత్రమే వచ్చారు. అక్టోబరు 8న లాస్ ఏంజెలెస్‌కు తరలింపు ప్రకటన వెలువడింది. 1960లో ఎబెట్స్ ఫీల్డును కూల్చివేసి ఆ స్థలంలో నివాస భవనాలు కట్టారు.

జట్టును పోగొట్టడంలో తప్పు ఓమాలీదా, మోజెస్‌దా అన్న విషయంలో చరిత్రకారులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. మోజెస్ సూచించిన ఫ్లషింగ్ మెడోస్‌లోనే 1964లో న్యూయార్క్ మెట్స్ జట్టుకు షే స్టేడియం వెలసింది. దాని స్థానంలో 2009లో ప్రారంభమైన సిటీ ఫీల్డ్ ముఖద్వారాన్ని ఎబెట్స్ ఫీల్డును తలపించేలా నిర్మించారు. ఓమాలీ కోరిన కూడలి చెంతనే 2012లో బార్‌క్లేస్ సెంటర్ అనే బాస్కెట్‌బాల్ ప్రాంగణం వచ్చింది.

చావెజ్ రవీన్ నిర్వాసితులు

లాస్ ఏంజెలెస్‌లో డాడ్జర్ స్టేడియం కట్టిన చావెజ్ రవీన్ కొండప్రాంతం జనం లేని బీడు కాదు. పాలో వెర్డె, లా లోమా, బిషప్ అనే మూడు బస్తీలలో వందలాది మెక్సికన్ అమెరికన్ కుటుంబాలు నివసించేవి. 1950లో ప్రభుత్వ గృహ సముదాయం నిర్మాణం కోసమని వారిని ఖాళీ చేయమన్నారు. కొత్త ఇళ్ళలో వారికే మొదటి అవకాశం ఇస్తామన్నారు. రాజకీయ వ్యతిరేకత వలన ఆ పథకం రద్దయింది. ఇళ్ళు రాలేదు, ఖాళీ చేసిన స్థలం మాత్రం నగరపాలన చేతిలో మిగిలింది. 1958 జూన్ 3న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో స్వల్ప ఆధిక్యంతో ఆ భూమిని డాడ్జర్స్‌కు ఇచ్చే ఒప్పందం నెగ్గింది. 1959 మే 8న చివరిగా మిగిలినవారిని పోలీసులు బలవంతంగా బయటకు పంపిన దృశ్యాలు టెలివిజన్‌లో ప్రసారమయ్యాయి.

1962 ఏప్రిల్ 10న ప్రారంభమైన ఈ స్టేడియంలో 56,000 మందికి చోటు ఉన్నది. తొలి ఏడాదిలోనే 27 లక్షలకు పైగా, 1978లో 33 లక్షలకు పైగా ప్రేక్షకులు వచ్చారు. ఒక సీజనులో 30 లక్షలు దాటిన మొదటి జట్టు ఇదే. మెక్సికన్ సంతతి వారిలో చాలామంది మాత్రం చాలాకాలం జట్టుకు దూరంగా ఉండిపోయారు. 1981లో మెక్సికో నుండి వచ్చిన యువ పిచర్ ఫెర్నాండో వాలెన్జువెలా ప్రతిభ ఈ పరిస్థితిని మార్చడంలో ప్రధానపాత్ర వహించింది. ఆ తరువాత ఈ సమాజమే జట్టుకు పెద్ద ఆధారమయింది. 2025లో డాడ్జర్స్ హాజరు మొదటిసారిగా 40 లక్షలు దాటింది.

సెంట్ పీటర్స్‌బర్గ్‌లో ట్రాపికానా ఫీల్డ్ కోసం కూడా గ్యాస్ ప్లాంట్ అనే నల్లజాతీయుల బస్తీని తొలగించారు.

ఇటీవలి తరలింపులు

అట్లాంటా బ్రేవ్స్ జట్టు 2017లో నగరం నడిబొడ్డుకు సమీపంలోని టర్నర్ ఫీల్డును వదిలి, వాయవ్య దిశలో సుమారు 16 కిలోమీటర్ల దూరాన కాబ్ కౌంటీలోని కొత్త స్టేడియానికి మారింది. టిక్కెట్లు కొనేవారిలో అత్యధికులు నగరానికి ఉత్తరాన ఉన్న శివారులలో నివసిస్తున్నారని జట్టు యాజమాన్యం ఒక పటాన్ని విడుదల చేసింది. కాబ్ కౌంటీ ఓటర్లు 1965లోనే అట్లాంటా ప్రజారవాణా వ్యవస్థలో చేరడానికి నిరాకరించడం వలన అక్కడికి మెట్రో రైలు లేదు. కారు లేని పేద నల్లజాతి అభిమానులకు జట్టు దూరమైందనే విమర్శ వచ్చింది. కౌంటీ ప్రభుత్వం దాదాపు 30 కోట్ల డాలర్ల భారం తలకెత్తుకోవడం కూడా వివాదాస్పదమైంది. 2016లో 20 లక్షలు ఉన్న హాజరు 2017లో, జట్టు 90 ఆటలు ఓడినా, 25 లక్షలకు పెరిగింది.

ఓక్లాండ్ అథ్లెటిక్స్ ఉదాహరణ ఇందుకు భిన్నమైనది. మెట్రో రైలు స్టేషను పక్కనే ఉన్న ఓక్లాండ్ కొలీజియంలో 1990లో 29 లక్షల హాజరు ఉండేది. అదే స్థలంలో 2024లో 9.2 లక్షలు మాత్రమే. మారినది స్థలం కాదు. స్టేడియం శిథిలమైంది, పేరున్న ఆటగాళ్ళను యాజమాన్యం వదులుకుంది. 2023 జూన్ 13న అభిమానులు ఆటను బహిష్కరించడానికి బదులు కావాలనే గుంపుగా తరలివచ్చి, జట్టును అమ్మివేయమని యజమానిని డిమాండ్ చేశారు. ఆ రోజు 27,759 మంది వచ్చారు. అయినా ఫలితం లేకపోయింది. 2024 సెప్టెంబరు 26న 46,889 మంది సమక్షంలో అక్కడి చివరి ఆట ముగిసింది. లాస్ వేగస్‌లో 2028 నాటికి కొత్త స్టేడియం కట్టాలన్నది ప్రణాళిక. 2025లో శాక్రమెంటో చెంత చిన్న స్టేడియానికి మారిన ఈ జట్టు పేరులో ఏ ఊరూ లేకుండా "అథ్లెటిక్స్" అని మాత్రమే వ్యవహరిస్తున్నది.

క్రికెట్‌తో సంబంధం

టెక్సాస్ రాష్ట్రంలో డాలస్ సమీపాన గ్రాండ్ ప్రెయిరీలో ఒక చిన్న బేస్‌బాల్ స్టేడియాన్ని క్రికెట్ మైదానంగా మార్చి 2023లో మేజర్ లీగ్ క్రికెట్‌ను ప్రారంభించారు. తెలుగువారితో సహా దక్షిణాసియా కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడిన ప్రాంతం కావడం ఈ మైదానానికి అనుకూలించింది. 2024 టీ20 ప్రపంచకప్ తొలి మ్యాచ్ ఇక్కడే జరిగింది. అథ్లెటిక్స్ వదిలివెళ్ళిన ఓక్లాండ్ కొలీజియంలో కూడా 2025 జూన్‌లో మేజర్ లీగ్ క్రికెట్ మ్యాచ్‌లు జరిగాయి.

ఇవి కూడా చూడండి

* బేస్‌బాల్
* జాకీ రాబిన్సన్
* లాస్ ఏంజెలెస్
* మేజర్ లీగ్ క్రికెట్